కొంగులో బెల్లం ముక్క

తిరుపతి,
కార్తీకమాసం.

పెద్దోడికి, పాపకి, చిన్నోడికి,

మొన్న ఫోన్లో పాప ఒక మాట అడిగింది. "అవ్వా, పార్కులోనే రౌండ్లు కొట్టొచ్చు కదా, ఈ వయసులో రోడ్లెంబడి తిరగడం ఎందుకు?" అని. స్టవ్ మీద పాలు పొంగుతుంటే "తర్వాత చెప్తాలే" అని పెట్టేశాను. అది మీ నాయన నేర్పించి అడిగించిన ప్రశ్నేనని నాకు తెలుసు. అయినా ప్రశ్న మంచిదే. ఫోన్లో చెప్తే రెండుసార్లు ఊ కొట్టి మళ్ళీ ఆటలో పడతారు. అందుకే రాస్తున్నాను.

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేశానని మీకు తెలుసు. వేరే ఊరికి మాట్లాడాలంటే ట్రంక్ కాల్ బుక్ చేసుకొని గంటలకొద్దీ కాచుకున్న రోజులవి. ఎవరింట్లో పెళ్ళి కుదిరింది, ఎవరి అంగడికి మద్రాసు నుంచి సరుకు రాలేదు, అన్నీ నా చెవిలోనే పడేవి. వీధుల పేర్లన్నీ నోటికొచ్చు. కానీ ఇంటి నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి ఇంటికి తప్ప ఇంకో దారి తొక్కింది లేదు. ఊరంతా చెవికి తెలుసుగానీ కాళ్ళకు తెలీదు.

రిటైరయ్యాక షుగరు రిపోర్టు చూసి డాక్టరు నడవమంటే ప్రకాశం పార్కులో మొదలుపెట్టాను. మిగతావాళ్ళు అక్కడే దొరికారు. లెక్కల మాస్టారు, ఆర్టీసీలో పనిచేసిన కండక్టరన్న, జాకెట్లు కుట్టే టైలరక్క, ఇంకో ఇద్దరు. మొదట్లో మేమూ రౌండ్లే కొట్టాం. మాస్టారు ఎనిమిది చింతపిక్కలు వేసుకొచ్చి, రౌండుకొకటి చొప్పున కుడి జేబులోంచి ఎడమ జేబులోకి మార్చేవారు. కండక్టరన్న పాత ప్యాసింజర్ల కథలు చెప్పి ఆ లెక్క తప్పించేవాడు. అప్పుడు మాస్టారు మొహం చూడాలి.

ఒకరోజు పోయేసరికి గేటుకు తాళం. లోపల ఏదో పని జరుగుతోందన్నారు. పొద్దున్నే స్నానం చేసి వచ్చినవాళ్ళకు వెనక్కి పోబుద్ధి కాలేదు. "యూనివర్సిటీ దాకా పోదాం పదండి" అన్నాడు కండక్టరన్న. బాలాజీ కాలనీ మీదుగా ఎస్వీ యూనివర్సిటీ లోపలికి పోయాం. అది 1954లో పెట్టింది. అప్పుడు ఆంధ్ర రాష్ట్రానికి ముఖ్యమంత్రి టంగుటూరి ప్రకాశం పంతులు. ఆయన పేరున్న పార్కు దగ్గర బయల్దేరి, ఆయన హయాంలో పుట్టిన యూనివర్సిటీలో చెట్టు కింద కూర్చున్నామని మాస్టారు దారంతా పాఠం చెప్పారు. చింతపిక్కలు మాత్రం జేబులోంచి బయటికి రాలేదు. ఎంత దూరం నడిచామో ఎవరికీ పట్టలేదు.

అప్పటి నుంచి రౌండ్లు మానేసి అలా ఇంకో చోటికి నడవడమే అలవాటైంది. శనివారం మాత్రం దారి మారుతుంది. కె.టి. రోడ్డు పట్టుకొని కపిలతీర్థం, అక్కడి నుంచి కొండ అంచునే అలిపిరి తోటల దాకా పోతాం. వచ్చేటప్పుడు ఆటో ఎక్కుతాం. అందులో సిగ్గేమీ లేదు.

ఇప్పుడు పాప ప్రశ్నకు వస్తాను. పార్కులో నేల చదునుగా ఉంటుంది, ఊరు అలా ఉండదు. మన తిరుపతికి ఉత్తరాన శేషాచలం. నీళ్ళు అటు నుంచి దిగి, దక్షిణాన స్వర్ణముఖి వైపు పోతాయి. ఈ సంగతి మీరు మ్యాపులో చూస్తారు, నాకు కాలి పిక్కలు చెప్పాయి. కపిలతీర్థం వైపు పోతుంటే ఎవరో వెనక నుంచి కొంగు పట్టి లాగుతున్నట్టుంటుంది. తిరిగొచ్చేటప్పుడు కాళ్ళు వాటంతట అవే పడతాయి. 2021 నవంబరులో వరద వచ్చిందే, అప్పుడు కపిలతీర్థం దగ్గర కొండ మీంచి నీళ్ళు ఎర్రగా ఎలా దూకాయో మీరు వీడియోల్లో చూసే ఉంటారు. ఆ నీళ్ళు ఏ వీధిలోకి ముందు వస్తాయో మా బ్యాచ్‌లో ఎవర్నడిగినా చెప్తారు. రోజూ ఆ వాలు మీదే కదా నడిచేది.

ఇంకొకటి. ఈ ఊరికి నడక కొత్తేమీ కాదు. కొండకు మోటారు రోడ్డు 1944లో వచ్చింది. అంతకుముందు నడిచైనా పోవాలి, డోలీలోనైనా పోవాలి. అలిపిరి నుంచి 3550 మెట్లు. ఆ దారిలో మండపాలెందుకు కట్టించారనుకున్నారు? ఎండకీ వానకీ కాసేపు కూలబడటానికి, మూట దింపుకోవడానికి. ఒక మండపం నుంచి ఇంకో మండపం దాకా పోతే చాలు, కొండంతా ఒక్కసారే ఎక్కేయాల్సిన పనిలేదు. మాకు ఈ పార్కులూ అంతే. డెబ్బై దాటినవాళ్ళకు "ఐదు కిలోమీటర్లు నడవండి" అంటే గుండె జారుతుంది. "ఆ బెంచీ దాకా పోదాం" అంటే ఎవరైనా లేస్తారు. ఏ వీధిలో అరుగుంది, ఏ చెట్టు కింద సిమెంటు దిమ్మె ఉంది, ఎక్కడ మంచినీళ్ళు పట్టుకోవచ్చు, ఇవన్నీ టైలరక్కకు కంఠతా వచ్చు. బాత్రూమ్ ఎక్కడుందో కూడా. మీరు నవ్వుతారుగానీ, ఆడవాళ్ళం మేము దారి నిర్ణయించుకునేది సగం దాన్ని బట్టే.

రోడ్డు మీద భయం లేదా అంటే ఉంది. ఫుట్‌పాత్ అన్నచోటల్లా స్కూటర్లు పెట్టేసి ఉంటాయి. తెల్లారుజామున యాత్రికుల జీపులు నిద్రమత్తులోనే తోలతారేమో అనిపిస్తుంది. అందుకని ఫుట్‌పాత్ లేనిచోట మేము రోడ్డుకు కుడిపక్కనే నడుస్తాం. మన దగ్గర బండ్లు ఎడమపక్కన పోతాయి కాబట్టి, కుడిపక్కన నడిస్తే వచ్చే బండి మన కళ్ళెదురుగా వస్తుంది. వీపు వెనక నుంచి వచ్చేదాన్ని ఎలా తప్పించుకుంటాం? మీరూ అలాగే నడవండి. వరసగా ఒకరి వెనక ఒకరు. కబుర్లు పార్కు చేరాక.

మీ నాయన పంపిన వాచీ పెట్టుకున్నాను. రోజూ పదివేల అడుగులు వేయమని గుయ్‌మంటుంది. ఆ పదివేలు ఏ డాక్టరూ చెప్పింది కాదంట. 1965 ప్రాంతంలో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే మెషిన్ ఒకటి అమ్మారు, దాని పేరుకు అర్థమే "పదివేల అడుగుల మీటరు". అలా ఆ అంకె లోకమంతా పాకింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి 150 నిమిషాల చురుకైన నడక. అదికూడా కుదరనివాళ్ళు ఎంత నడిస్తే అంత మేలని. మా కొలత ఇంకా సులువు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. కండక్టరన్న ఘంటసాల పాట అందుకున్నాడంటే వేగం చాల్లేదని అర్థం. మాట కూడా రాకుండా ఆయాసపడితే ఆగాలని అర్థం.

అసలు చెప్పాలనుకున్నది ఇది. పోయిన ఏడాది ఎండాకాలంలో ఒక పొద్దున బాలాజీ కాలనీ దాటాక కండక్టరన్న మాట తేడాగా ఉంది. ఒకటడిగితే ఇంకొకటి చెప్తున్నాడు. చొక్కా వీపంతా తడిసిపోయింది, చేతులు వణుకుతున్నాయి. ఎండ దెబ్బేమో అనుకున్నారు అందరూ. ఆయనకూ షుగరుంది కదా, నాకు అనుమానం వచ్చి "మాత్ర వేసుకున్నావా అన్నా?" అంటే తలూపాడు. "ఏమైనా తిన్నావా?" అంటే దానికీ తలూపాడు. టిఫిన్ తినలేదని తర్వాత తెలిసింది. షుగరు మాత్రల్లో కొన్ని రక్తంలో చక్కెరను బాగా దించేస్తాయి. నడిస్తే కండలు కూడా ఆ చక్కెరనే లాక్కుంటాయి. రెండూ కలిస్తే, కడుపులో ఏమీ లేకపోతే, మెదడుకు చాలదు. మనిషి తాగినవాడిలా అవుతాడు.

ఎవరో బ్యాగులోంచి చాక్లెట్ తీశారు. చాక్లెట్‌లో కొవ్వుంటుంది, చక్కెర తొందరగా రక్తంలోకి పోనివ్వదు. అంతకుముందు రోజు గుడి దగ్గర పెట్టిన బెల్లం ముక్క నా కొంగు ముడిలో ఉంది. ముడి బిగుసుకుపోయి ఊడి రాదే! టైలరక్క పళ్ళతో లాగి విప్పింది. ముక్కకు రెండు చీమలు కూడా పట్టి ఉన్నాయి. వాటిని ఊదేసి నోట్లో పెట్టాం. నీళ్ళు తాపించాం. పదిహేను నిమిషాలకు కండక్టరన్న మమ్మల్నందర్నీ వరసగా చూసి, "నన్నెందుకు ఇట్లా చుట్టుముట్టారు? టికెట్ తీసుకోలేదా?" అన్నాడు. అప్పుడు గానీ మాకు ఊపిరి రాలేదు. తర్వాత ఇడ్లీ తినిపించి ఆటోలో ఇంటికి పంపాం.

ఇది మీరూ గుర్తు పెట్టుకోండి, ఎవరికైనా పనికొస్తుంది. బెల్లం లేకపోతే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి ఇవ్వొచ్చు. స్పృహ లేకుండా పడిపోయినవాళ్ళ నోట్లో మాత్రం ఏదీ వేయకూడదు, గొంతుకు అడ్డం పడుతుంది. అప్పుడు 108కి ఫోన్ చేయాలి.

పార్కులో రౌండ్లు కొడుతుంటే ఈ కథ ఎలా ఉండేదా అని నేను చాలాసార్లు అనుకున్నాను. అక్కడ ఎవరి వేగం వాళ్ళది. ఒకరు ముందు, ఒకరు అర రౌండు వెనక. కండక్టరన్న ఏ బెంచీ మీదో కూర్చుంటే "అలసిపోయాడు కాబోలు" అనుకొని దాటిపోయేవాళ్ళం. ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోయేటప్పుడు అందరూ చేరాలి కదా, అందుకే వెనక్కి తిరిగి చూసుకుంటూ ఉంటాం. ఇప్పుడు అందరం ఏదో ఒకటి తినే బయల్దేరుతున్నాం. కండక్టరన్న అయితే గేటు దగ్గర రాగి జావ తాగందే కదలడు. నా కొంగులో బెల్లం ఎప్పుడూ ఉంటుంది, ఇప్పుడు చీమలు పట్టకుండా చిన్న డబ్బీలో.

మోకాళ్ళ సంగతి అడగొద్దు. అలిపిరి మెట్ల మొదట్లో తలయేరు గుండు ఉంది కదా, దానికి మోకాళ్ళు ఆనిస్తే నొప్పులు పోతాయని నమ్మకం. మాస్టారు సైన్సు మనిషినంటారు, అలాంటివి నమ్మనంటారు. పోయిన శనివారం మేము వెనకబడ్డామనుకొని పంచె కాస్త పైకెత్తి ఆనించడం నేను చూశాను. మీరు ఆయన దగ్గర ఈ మాట ఎత్తకండి.

సంక్రాంతి సెలవులకు వచ్చేటప్పుడు బూట్లు తెచ్చుకోండి. చిన్నోడి పాత బూట్లు నా దగ్గరే ఉన్నాయి, కానీ అవి వాడి కాలికి ఇప్పుడు పట్టవు. శనివారం ఐదున్నరకు గేటు దగ్గర ఉండాలి. కండక్టరన్న ఐదు నిమిషాలు చూస్తాడు, తర్వాత "రైట్ రైట్" అని బండి కదిలించేస్తాడు.

ఇట్లు,
మీ అవ్వ