కడ్డీ ఏమైంది సార్?

పొద్దున నడకకు పోతే నల్లగొండ ఎన్జీ కాలేజీ గ్రౌండులో ఇద్దరు ఇంటర్ పిల్లలు రిమోట్‌తో థర్మకోల్ విమానం ఎగరేస్తున్నారు. కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఒకప్పుడు నేనూ ఎగరేసేవాణ్ణని చెబితే మొదట నమ్మలేదు. తర్వాత ఒకడు, "పాత రిమోట్లకు మీటరు పొడుగు కడ్డీ ఉండెనంట గద సార్, అదేమైంది?" అని అడిగాడు.

ముప్పై ఏళ్లు ఫిజిక్స్ చెప్పినవాడికి ఇలాంటి ప్రశ్న దొరికితే నడక ఎవరికి కావాలి?

రేడియో తరంగం సెకనుకు 30 కోట్ల మీటర్లు పోతుంది. దాన్ని ఫ్రీక్వెన్సీతో, అంటే సెకనుకు ఎన్ని అలలో ఆ లెక్కతో, భాగిస్తే ఒక్కో అల పొడవు వస్తుంది. పాత సెట్లలో ఒక రకం 72 మెగాహెర్ట్జ్‌ది, అంటే అల 4 మీటర్ల పైచిలుకు. యాంటెన్నా సాధారణంగా అలలో నాలుగో వంతు ఉండాలి కాబట్టి మీటరు కడ్డీ. ఇప్పటి సెట్లు 2.4 గిగాహెర్ట్జ్‌వి. అల పన్నెండున్నర సెంటీమీటర్లు, నాలుగో వంతు మూడు సెంటీమీటర్లు. చిటికెన వేలిలో సగం! రిమోట్ మీద కనిపించే నల్లటి ప్లాస్టిక్ కొమ్ములో చాలా భాగం ఉత్త తొడుగే. ఈ లెక్కను మేం క్లాసులో వేగం, ఫ్రీక్వెన్సీ, తరంగదైర్ఘ్యం అని బోర్డు మీద రాసి చంపేస్తాం. ఒక్క రిమోట్ చేతికిస్తే చాలు.

బ్యాటరీలు తేలికైన సంగతి, మోటార్లలో బ్రష్షులు పోయిన సంగతి, బాల్సా చెక్క బదులు ఫోము వచ్చిన సంగతి అందరూ చెప్పేవే, వదిలేస్తున్నా. నా మోజంతా రేడియో మీదే.

పాత సెట్లో ఫ్రీక్వెన్సీని ఒక క్రిస్టల్, అంటే లెక్క తప్పకుండా కంపించే స్ఫటికపు ముక్క, బిగించి ఉంచేది. రిమోట్‌లో ఒకటి, విమానంలో ఇంకొకటి. చాలా సెట్లలో ఈ రెంటికీ 455 కిలోహెర్ట్జ్ తేడా ఉండేది, ఆ తేడాతోనే విమానంలోని రిసీవర్ తన సిగ్నల్‌ను ఏరుకునేది. అమెరికాలో 72 మెగాహెర్ట్జ్ దగ్గర విమానాలకు 50 ఛానళ్లు ఇచ్చారు, ఒక్కోటి 20 కిలోహెర్ట్జ్ దూరంలో. రెక్కల అంచు పలకలను కదిలించే సర్వో మోటారుకు దాదాపు ప్రతి 20 మిల్లీసెకన్లకు ఒక పల్స్, అంటే చిన్న విద్యుత్ తట్టు, వస్తుంది. అది 1.5 మిల్లీసెకన్లుంటే నడిమధ్య, 1కి దగ్గరైతే ఒక పక్క, 2కి దగ్గరైతే రెండో పక్క. ఆ పల్స్ ఎవరు పంపారో విమానానికి తెలియదు. అందుకే గ్రౌండులో ఒక చెక్క బోర్డుకు ఛానల్‌కో క్లిప్ పెట్టి నీళ్ల వంతులా నడిపేవాళ్లు. నీ ఛానల్ నంబరున్న క్లిప్ నీ దగ్గరుంటేనే రిమోట్ ఆన్ చేయాలి.

హైదరాబాద్‌లో చదివే రోజుల్లో నా స్నేహితుడు నాలుగు నెలలు కష్టపడి చేసిన విమానం గాల్లో ఉండగా, గ్రౌండు ఆ చివర ఎవరో క్లిప్ తీసుకోకుండానే అదే ఛానల్ ఆన్ చేశాడు. విమానం పూనకం వచ్చినట్టు ఊగి నిట్టనిలువుగా పడింది. వాళ్ల నాయనమ్మ దిష్టి అంది. నిజమే, కాకపోతే ఆ దిష్టికి ఒక ఛానల్ నంబరుంది. తర్వాతి విమానం ముక్కుకు ఆమె నిమ్మకాయ కట్టింది. ముందు నవ్వాం కానీ, ముక్కు బరువు పెరిగితే గరిమనాభి, అంటే బరువు తూగే చోటు, ముందుకు జరిగి విమానం నిలకడగా ఎగురుతుంది. నిమ్మకాయ పనిచేసింది!

ఇప్పుడు అదే గ్రౌండులో పదిమంది వంతుల్లేకుండా ఒకేసారి ఎగరేస్తున్నారు. ఎలాగో చెప్పాలంటే శ్రీరామనవమికి మా ఊళ్లో వేసే కోలాటం దగ్గరికి పోవాలి. కోలాటంలో జత ఒకేచోట నిలబడి కర్రలు కొట్టుకోదు. దరువుకో అడుగు మారుతుంది. పాట తెలిసిన ఇద్దరూ సరిగ్గా అదే క్షణానికి అదే చోటికి చేరతారు, కర్ర కర్రకు తగులుతుంది. పాట తెలియనివాడు మధ్యలో దూరితే ఎక్కడో ఒక దెబ్బ చెడగొడతాడు, అంతే. తర్వాతి దెబ్బకు జత ఇంకోచోట ఉంటుంది.

రిమోటూ రిసీవరూ ఆ జత. 2400 నుంచి 2483.5 మెగాహెర్ట్జ్ వరకు ఉన్న బయలులో చాలా సెట్లు సెకనుకు వందసార్లకు పైగా చోటు, అంటే ఫ్రీక్వెన్సీ, మారుస్తాయి. కొత్త విమానం కొన్నాక ఒకసారి బటన్ నొక్కి బైండింగ్ చేస్తాం కదా, అది గురువు చెవిలో మంత్రం చెప్పినట్టు. రిమోట్ తన నంబరును రిసీవర్‌కు చెబుతుంది. ఆ నంబరును బట్టే అడుగుల వరుస. పైగా ప్రతి దెబ్బకూ "నువ్వు మావాడివేనా?" అని రిసీవర్ నంబరు సరిచూసుకుంటుంది. పాత విమానం ఎవరు పిలిచినా పోయేది, ఇది పోదు.

యాభై చోట్లు ఉన్నాయనుకుందాం. ఇంకో పది జతలు ఇష్టమొచ్చినట్టు ఆడుతుంటే ఒక దెబ్బ చెడే అవకాశం 18 శాతం. భయపడేంతే. కానీ వరుసగా పది దెబ్బలూ చెడే అవకాశం దాదాపు రెండున్నర కోట్లలో ఒకటి, ఆ పది దెబ్బలకు పట్టే కాలం సెకనులో పదో వంతు. ఆ కాసేపట్లో విమానం తన ఊపులో తాను పోతుంటుంది. వైఫై ఒక్కటి 20 మెగాహెర్ట్జ్ ఆక్రమిస్తుంది, అంటే కోలాటం బయల్లో పావు వంతు అడ్డంగా ట్రాక్టరు ఆపినట్టు. మిగతా ముప్పావు చాలు.

జతగాడు తప్పిపోతే? తెలివైన ఆటగాడు వెతుక్కుంటూ పరుగెత్తడు, ఒకచోట నిలబడతాడు. వరుస ప్రకారం రెండోవాడు అక్కడికి ఎప్పుడో ఒకప్పుడు రావాల్సిందే. చాలా రిసీవర్లూ అంతే చేస్తాయి. ఎంతకీ రాకపోతే ముందే నేర్పిన పని, మోటారు ఆపడం, చేసేస్తాయి. మిర్యాలగూడ వైపు వరికి మందు కొట్టే డ్రోను ఇంటికి తిరిగి రావడం కూడా ఈ అలవాటుకు పెద్ద రూపమే.

ఇలా చోట్లు మార్చే ఊహకు 1942లో అమెరికాలో పేటెంట్ తీసుకున్నవాళ్లలో ఒకరు సినిమా తార హెడీ లమార్, ఇంకొకరు సంగీతకారుడు జార్జ్ ఆంథైల్. తమ టార్పెడోను, అంటే నీళ్లలో పోయి ఓడను పేల్చే ఆయుధాన్ని, శత్రువు దారి తప్పించకుండా చూడాలని వాళ్ల ఆలోచన. పియానోకు 88 మెట్లు, వాళ్ల పేటెంట్‌లో 88 ఫ్రీక్వెన్సీలు! తనంతట తాను మోగే పియానోలోని చిల్లుల కాగితపు చుట్టలను రెండువైపులా ఒకే వేగంతో తిప్పాలన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా నౌకాదళం దాన్ని వాడలేదు. చోట్లు మార్చే ఆలోచన అంతకుముందూ ఉంది. అయినా పాటగాడు కలిస్తేనే ఇలా తడుతుందని నా నమ్మకం. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ బయలును తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు లేకుండా తెరిచింది 2005లో.

పోలిక ఒకచోట తెగుతుంది. కోలాటంలో జతగాడు కళ్లకు కనిపిస్తాడు. రిసీవర్ గుడ్డిది, దానికి దరువే దిక్కు.

పిల్లల్లో రెండోవాడు గ్రౌండు చివర చింతచెట్టును చూపించి, "దాని వెనకకు పోతే మాట వినదు సార్, ఆడ ఏదో ఉన్నదంటరు" అన్నాడు. ఉన్నది ఆకులు. నాలుగు మీటర్ల అల చెట్టును చుట్టి పోగలదు, పన్నెండు సెంటీమీటర్ల అల అంతగా పోలేదు. పాత కడ్డీకి మిగిలిన ఒకే ఒక్క గొప్ప ఇది. ఆకుల్లోని నీరూ కొంత పీల్చుకుంటుంది. నీటి అణువు 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే అనునాదం చెందుతుందని, అంటే అలతో కలిసి ఊగుతుందని, చెప్పే మాస్టార్లున్నారు, అది తప్పు. నీరు బాగా పీల్చుకునేది 20 గిగాహెర్ట్జ్ దాపున. 2.4 దగ్గర తక్కువే, కానీ చెట్టంత ఆకులకు ఆ తక్కువే ఎక్కువ.

నేను మాట్లాడుతున్నంతసేపూ మొదటివాడు రిమోట్ కొమ్మును విమానం వైపే తుపాకీలా గురిపెట్టి ఉన్నాడు. తీగ పక్కలకు బాగా ప్రసరిస్తుంది, దాని కొన నుంచి దాదాపు ఏమీ పోదు. ఆ మాట చెప్పాను. వాడు కొమ్మును అడ్డంగా వంచి, విమానాన్ని మళ్లీ చింతచెట్టు వైపే తిప్పాడు.