బడికి చేరాల్సిన డబ్బు షెరీఫ్ ఖాతాలోకి ఎలా మళ్లింది

విమానాశ్రయాల్లో, బస్టాండ్లలో ప్రయాణికులను ఆపి, "మీరు ఒప్పుకుంటేనే" అంటూ బ్యాగులు వెతికే పద్ధతిని డీఈఏ (మాదకద్రవ్యాలను అరికట్టే ఫెడరల్ సంస్థ) చాలావరకు ఆపేయాలని 2024 నవంబరులో అమెరికా న్యాయశాఖ ఆదేశించింది. ఆ తనిఖీల మీద శాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్ గట్టి అభ్యంతరాలు చెప్పాక వచ్చిన ఆదేశమిది. దాంతో సివిల్ జప్తు గొడవ మళ్లీ రాజుకుంది. మనిషి మీద నేరం మోపకుండానే అతని డబ్బు మీదో కారు మీదో కేసు నడిపి వాటిని తీసేసుకోవచ్చన్న విషయం ఈపాటికి చాలామందికి తెలుసు. జప్తయిన సొమ్ము ఎక్కడికి పోతుంది, దాని లెక్క ఎవరు రాస్తారు అన్న దగ్గరే అసలు చిక్కు ఉంది. ఆ చిక్కు తేటగా కనిపించే చోటు మిస్సోరీ రాష్ట్రం.

మన పిల్లలు వందల సంఖ్యలో చదువుకునే వారెన్స్‌బర్గ్, రోలా ఉన్నది ఈ రాష్ట్రంలోనే. రోలా ఊరు ఫెల్ప్స్ కౌంటీ (మన జిల్లా లాంటిది) కేంద్రం, ఐ-44 హైవే పక్కనే. ఆ హైవే మీద నగదు పట్టుకున్న వార్తల్లో ఫెల్ప్స్ కౌంటీ పేరు చాలాసార్లు వినిపించింది.

మిస్సోరీ రాజ్యాంగం 9వ అధికరణం, 7వ సెక్షన్‌లో ఒక మంచి మాట ఉంది. జరిమానాల మీద, జప్తుల మీద వచ్చే నికర సొమ్ము బడులకు చెందాలి. పాతకాలపు రాత కదా అని పోలీసులు, ప్రాసిక్యూటర్లు దాన్ని పట్టించుకోలేదు. చివరికి లఫయెట్ కౌంటీలోని ఒక స్కూల్ డిస్ట్రిక్ట్ కోర్టుకెక్కింది. 1990లో రాష్ట్ర సుప్రీంకోర్టు బడి పక్షాన తీర్పిచ్చింది. జప్తు సొమ్ము స్కూళ్లదేనని, చట్టసభ వేరే విధంగా రాసినా రాజ్యాంగం ముందు అది నిలవదని చెప్పింది. ఇప్పుడు వాషింగ్టన్‌లో జరుగుతున్న వాదనంతా నా దృష్టిలో ఈ తీర్పుకు కొనసాగింపే. ఎందుకంటే తీర్పు తర్వాత ఆ డబ్బు బడికి పోలేదు, దారి మార్చుకుంది.

ఆ దారిని కేంద్రం, అంటే ఫెడరల్ ప్రభుత్వం, అప్పటికే వేసి ఉంచింది. 1984 నాటి ఫెడరల్ చట్టం న్యాయశాఖ కింద ఒక జప్తు నిధిని పెట్టి, స్థానిక పోలీసులకు అందులో వాటా ఇవ్వడం మొదలుపెట్టింది. దీన్ని ఈక్విటబుల్ షేరింగ్ అంటారు. షెరీఫ్ (కౌంటీ పోలీసు అధిపతి) కింది డిప్యూటీ పట్టుకున్న నగదును ఒక ఫెడరల్ ఏజెన్సీ "దత్తత" తీసుకుంటుంది, జప్తు ఫెడరల్ చట్టం కింద నడుస్తుంది, పూర్తయ్యాక 80 శాతం వరకు షెరీఫ్ ఆఫీసుకు తిరిగి వస్తుంది. అంటే 10,000 డాలర్లు పట్టుకుంటే 8,000 దాకా రావచ్చు. అదే సొమ్మును రాష్ట్ర కోర్టు దారిలో పెడితే 1993 సవరణ ప్రకారం ముందు ఆ మనిషిపై నేరం రుజువు కావాలి, లేదా అతను ఒప్పుకోవాలి. అంత కష్టపడ్డాక కూడా డబ్బు బడికే పోతుంది. రెండు దారులూ ఎదురుగా ఉన్నప్పుడు షెరీఫ్ దేన్ని ఎంచుకుంటారో ఊహించడం కష్టమేమీ కాదు.

ఈ మళ్లింపును 2000లో కాన్సాస్ సిటీ స్టార్ పత్రిక వరస కథనాలతో బయటపెట్టింది. మరుసటి ఏడాది మిస్సోరీ చట్టసభ కదిలింది. జప్తు వస్తువును ఫెడరల్ ఏజెన్సీకి అప్పగించే ముందు స్థానిక ప్రాసిక్యూటర్, సర్క్యూట్ జడ్జి పరిశీలించి ఒప్పుకోవాలని షరతు పెట్టింది. తలుపు మూసుకుందనుకున్నారు. అది ఓరగా తెరిచే ఉంది, ఆ ఇద్దరూ ఒప్పుకుంటే డబ్బు పాత దారిలోనే పోవచ్చు.

పోలీసుల మాట కూడా వినాలి. హైవే మీద పోయే నగదులో మాదకద్రవ్యాల ముఠాలదీ ఉంటుందని, దాన్ని తీసేసుకుంటే ముఠాల నడ్డి విరుగుతుందని వాళ్లంటారు. జాగిలాలు, బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లు, రేడియోలు పన్ను కట్టేవాళ్ల మీద భారం పడకుండా వస్తున్నాయని కూడా చెబుతారు. చిన్న కౌంటీల బడ్జెట్లు చూస్తే ఆ అవసరం నిజమే అనిపిస్తుంది. కానీ అవసరం ఉంటే బడ్జెట్ అడగాలి, కౌంటీ కమిషనర్ల ముందు నిలబడి జవాబు చెప్పాలి. ఈ సొమ్ము మాత్రం పోలీసులు తామే పట్టుకుని తామే తెచ్చుకున్నది.

ఇక పద్దుల సంగతి. వాటా తీసుకునే ప్రతి ఏజెన్సీ ఆ డబ్బును వేరే ఖాతాలో ఉంచాలి. ఉన్న బడ్జెట్‌ను తగ్గించి ఈ డబ్బుతో పూడ్చకూడదు. ఆర్థిక సంవత్సరం ముగిసిన 60 రోజుల్లో న్యాయశాఖకు ఒక ఫారం పంపాలి. ఆ ఫారంలో ఎంత వచ్చింది, శిక్షణకెంత, పరికరాలకెంత, ప్రయాణాలకెంత అన్నవి పద్దుల వారీగా ఉంటాయి. ఆ డబ్బు ఎవరి జేబులోంచి వచ్చింది, ఆ మనిషి మీద కేసు ఉందా, ఉంటే ఏమైంది అన్నవి ఉండవు.

మిస్సోరీ రాష్ట్ర ఆడిటర్ రిపోర్టు దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. ప్రాసిక్యూటర్లు ఏటా జనవరి 31 లోగా వివరాలు పంపాలి. ఏ తేదీన, ఏ చోట, ఏం పట్టుకున్నారు, విలువెంత, ఏ నేరం మోపారు, చివరికేమైందో అందులో ఉండాలి. తెలిసి తెలిసి పంపకపోతే అది నేరం కూడా. చాలా రాష్ట్రాల్లో ఈమాత్రమైనా లేదు. అయితే ఖర్చు సంగతి ఈ రిపోర్టు చెప్పదు. ఒక పుస్తకంలో డబ్బు ఎవరి దగ్గర తీసుకున్నారో ఉంటుంది, ఇంకో పుస్తకంలో దేనికి ఖర్చుపెట్టారో ఉంటుంది. ఈ రెంటినీ కలిపి చదివే వీలు మామూలు మనిషికి లేదు. నేరం రుజువు కాని ఒక మనిషి డబ్బుతో ఫలానా వాహనం కొన్నారని ఎవరూ వేలెత్తి చూపలేరు. నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే.

కేంద్రంలోని వాళ్లు ఈ దారిని ఒకసారి మూసి, మళ్లీ తెరిచారు. 2015 జనవరిలో అటార్నీ జనరల్ (న్యాయశాఖ అధిపతి) ఎరిక్ హోల్డర్ దత్తతలను చాలావరకు ఆపేశారు, అయితే ఫెడరల్, స్థానిక పోలీసులు కలిసి పనిచేసే ఉమ్మడి టాస్క్‌ఫోర్సుల జోలికి పోలేదు. 2017 జులైలో అప్పటి అటార్నీ జనరల్ జెఫ్ సెషన్స్ దత్తతలను మళ్లీ మొదలుపెట్టారు. మంత్రి మారితే మారిపోయే విధానం గనకే చట్టం కావాలన్న పట్టుదల పెరిగింది. ఈక్విటబుల్ షేరింగ్‌ను పూర్తిగా ఎత్తేసి, జప్తు సొమ్మును సాధారణ ఖజానాకు పంపాలనే ఫెయిర్ బిల్లును 2023 జూన్‌లో ప్రతినిధుల సభ న్యాయ కమిటీ 26-0తో ఆమోదించింది. రెండు పార్టీలూ అంత ఏకమయ్యే బిల్లులు ఈ రోజుల్లో అరుదు. అయినా ఆ కాంగ్రెస్ (కేంద్ర చట్టసభ) గడువు ముగిసేలోగా అది చట్టం కాలేదు. న్యూమెక్సికో మాత్రం 2015లోనే తన పరిధిలో ఆ పని చేసింది. సివిల్ జప్తును రద్దు చేసి, క్రిమినల్ జప్తు (నేరం రుజువయ్యాక చేసేది) మీద వచ్చే సొమ్మును రాష్ట్ర సాధారణ నిధికి మళ్లించింది. సంతకం పెట్టిన గవర్నర్ సుసానా మార్టినెజ్ ఒకప్పటి ప్రాసిక్యూటరే.

మన పిల్లల్లో చాలామంది 10,000 డాలర్లకు మించి నగదు దగ్గరుంటే నేరమనుకుని టెన్షన్ పడుతుంటారు. అంత నగదు ఉందని ఇచ్చే డిక్లరేషన్ దేశ సరిహద్దు దాటేటప్పుడు ఇవ్వాల్సింది. దేశం లోపల ఎంత నగదు ఉన్నా దానికదే నేరం కాదు. సెకండ్ హ్యాండ్ కారు కొందామని డబ్బు పట్టుకుని ఐ-44 మీద వెళ్తున్న కుర్రాడిని ఆపి, ఆ నగదును ఫెడరల్ ఏజెన్సీకి అప్పగించారనుకుందాం. మామూలుగా 90 రోజుల్లోగా అతనికి నోటీసు పంపాలి. ఆ లెటర్‌లో రాసిన గడువు, అంటే పంపిన రోజు నుంచి కనీసం 35 రోజులు, దాటకముందే అతను ఆ డబ్బు తనదని క్లెయిమ్ వేయాలి. వేస్తే ప్రభుత్వం 90 రోజుల్లో కోర్టుకు వెళ్లాలి, లేదా డబ్బు తిరిగివ్వాలి. వేయకపోతే ఏ జడ్జీ చూడకుండానే జప్తు ముగిసిపోతుంది. ఇది సివిల్ కేసు కాబట్టి ప్రభుత్వం లాయరును ఇవ్వదు. పట్టుకున్నది వెయ్యి డాలర్లయితే లాయరు ఫీజే అంతకంటే ఎక్కువవుతుంది. అందుకే చాలామంది ఆ లెటర్‌ను పక్కన పడేసి ఊరుకుంటారు.