మూట ఎవరిదో తూకం అడగదు
విశాఖ మన్యంలో గంజాయి పట్టుబడిందంటే పత్రికల్లో వచ్చే ఫొటో దాదాపు ఒకటే: ముందు మూటలు, వెనుక ముసుగులు వేసుకున్న నలుగురైదుగురు. ఆ ముసుగుల్లో ఉండేది ఎక్కువగా మోసినవాళ్లే. డబ్బు పెట్టినవాళ్లు అక్కడ కనిపించడం అరుదు.

గంజాయి అమ్మకం మొదటినుంచీ నేరం కాదు. బ్రిటిష్ పాలనలో లైసెన్సు దుకాణాల్లో అమ్మించి పన్ను రాబట్టారు. 1893లో వేసిన కమిషన్ సైతం పూర్తి నిషేధం అక్కర్లేదంది. 1961 నాటి అంతర్జాతీయ ఒప్పందానికి కట్టుబడి 1985లో కేంద్రం మాదకద్రవ్యాల చట్టం తెచ్చింది. 2001 సవరణ శిక్షను బరువుకు ముడిపెట్టింది. 20 కిలోలు దాటితే కనీసం పదేళ్ల జైలు, లక్ష రూపాయల జరిమానా. బెయిలు దొరకడం బహు కష్టం. సరుకు యజమాని అయినా, కూలికి మోసినవాడైనా కాటా ఒక్కటే.

ఇక కొండ మీద సంగతి. చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు, గూడెం కొత్తవీధి మండలాల్లో ఈ సాగు వేళ్లూనింది. గట్టు దాటితే ఒడిశాలోని కోరాపుట్, మల్కన్‌గిరి. 1/70 చట్టం ప్రకారం ఏజెన్సీలో గిరిజనేతరుడు భూమి కొనలేడు. పంటకు పెట్టుబడి పెట్టడానికి మాత్రం అతనికి భూమి అక్కర్లేదు. విత్తనమూ ముందస్తు సొమ్మూ అతనివి, చేనూ కేసూ గిరిజనుడివి. గిరిజనుడు ఈ పంట వేయడాన్ని దురాశ అని తేల్చేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. కాఫీ మొక్క కాపుకు రావాలంటే మూడు నాలుగేళ్లు ఆగాలి. పసుపును సంతదాకా మోసుకెళ్లి, వ్యాపారి చెప్పిన ధరకు ఇచ్చి రావాలి. గంజాయి వానాకాలంలో వేస్తే చలికాలానికి చేతికొస్తుంది, కొనేవాడే గట్టు దగ్గరికి వస్తాడు.

రవాణాలోకి దిగేది కుర్రవాళ్లు. సరుకు బండికి ముందు బైకు మీద వెళ్లి పోలీసుల జాడ చెప్పేవాడిని పైలట్ అంటారు.

2021 చివర్లో ‘ఆపరేషన్ పరివర్తన’ పేరిట పోలీసులు 7,000 ఎకరాలకు పైగా తోటలు నరికించారు. కొన్ని ఊళ్లలో గిరిజనులే కత్తి పట్టి తమ తోటలు నరికేశారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోల సరుకు తగలబెట్టారు. 2024లో ‘ఈగల్’ అనే ప్రత్యేక విభాగం ఏర్పడింది. తోటలు తగ్గాయి కానీ ఒడిశా వైపు నుంచి సరుకు రావడం ఆగలేదు, మోసేవాళ్లకూ కొదవ లేదు.

విశాఖ కేంద్ర కారాగారంలో ఈ కేసుల ఖైదీలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ముంచంగిపుట్టు నుంచి ఒక తల్లి ములాఖత్‌కు రావాలంటే రానూపోనూ రోజంతా పడుతుంది. ఆ రోజు కూలీ పోయినట్లే.