జీవితాంతం వాడే మందుకు ఐదేళ్ల అనుమతి: ఆర్డీటీ వివాదం వెనక ఏముంది?

అనంతపురం పల్లెల్లో ఆస్పత్రులు, బడులు నడిపే స్వచ్ఛంద సంస్థ రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టుకు (ఆర్డీటీ) విదేశీ నిధుల అనుమతి మాట ఎప్పుడు లేచినా అనంతపురంలో రెండు వాదనలు ఎదురెదురు నిలబడతాయి. "బత్తలపల్లి ఆస్పత్రి మూతపడితే మేం యాడికి పోవాల?" అనేది ఒకటి. "ఆరోగ్యశ్రీ ఉంది, జిల్లాకేంద్రంలో సర్వజనాస్పత్రి ఉంది, బయటి దేశాల డబ్బుతో ఇంకా ఆస్పత్రులు నడపాలా?" అనేది రెండోది. 2025లో రెన్యువల్ కాక జనం రోడ్డెక్కినప్పుడు, పార్టీల తేడా లేకుండా నాయకులు ఢిల్లీకి విన్నపాలు చేసినప్పుడు కూడా చర్చ ఈ రెండింటి చుట్టే తిరిగింది.

ఆర్డీటీని స్థాపించిన స్పెయిన్ దేశస్థుడు ఫాదర్ ఫెర్రర్ 1969లో ఇక్కడికి వచ్చిన కథ, అంతకుముందు మహారాష్ట్రలో జరిగిన గొడవ, తర్వాత పల్లెపల్లెనా లేచిన కాలనీ ఇళ్లు, బడులు ఈ జిల్లాలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. వాటి జోలికి పోవడం లేదు. ఇవాళ్టి పేచీ అర్థం కావాలంటే పట్టుకోవాల్సిన తేదీ వేరే ఉంది. అది 2011 మే 1.

విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 అమల్లోకి వచ్చిన రోజు అది. అందరి నోళ్లలో నానుతున్న ఎఫ్‌సీఆర్‌ఏ ఇదే. అంతకుముందు 1976 నాటి చట్టం ఉండేది. ఎమర్జెన్సీ కాలంలో, పార్టీల్లోకీ ఎన్నికల్లోకీ పత్రికల్లోకీ బయటి డబ్బు రాకుండా చూడటానికి తెచ్చిన చట్టం. 1984 సవరణతో స్వచ్ఛంద సంస్థలు కూడా తప్పనిసరిగా రిజిస్టర్ చేసుకోవాల్సి వచ్చింది. అయితే ఒకసారి నంబరు వచ్చాక అది శాశ్వతం. తప్పు చేస్తే తప్ప దాని గురించి మళ్లీ ఎవరినీ అడగాల్సిన పని లేదు. కొత్త చట్టం ఆ శాశ్వతాన్ని తీసేసి ఐదేళ్ల గడువు పెట్టింది. పాత సంస్థలకూ అదే రోజు నుంచి ఐదేళ్లు లెక్క. పార్లమెంటులో పెద్ద గొడవ లేదు, అనంతపురంలో అసలు చప్పుడే లేదు. ఇప్పుడు జరుగుతున్నదంతా అక్కడ మొదలైందే అని నా అభిప్రాయం.

ఎందుకంటే అప్పటికే ఇక్కడ ఒక ఆస్పత్రి పాత హామీని నమ్ముకుని చాలా దూరం వెళ్లిపోయింది. అనంతపురం నుంచి కదిరి పోయే దారిలో, ఇప్పుడు శ్రీసత్యసాయి జిల్లాలో ఉన్న బత్తలపల్లిలో, ఆర్డీటీ 2000లో పెద్దాస్పత్రి తెరిచింది. కళ్యాణదుర్గంలో, కణేకల్లులో కూడా దానికి ఆస్పత్రులున్నాయి. కాన్పులు, ఎముకల ఆపరేషన్లు, చిన్నపిల్లల వార్డులు అందరికీ కనిపించేవి. బత్తలపల్లిని వేరుగా నిలబెట్టింది అంటువ్యాధుల విభాగం, ముఖ్యంగా హెచ్ఐవీ. ఆ రోజుల్లో హెచ్ఐవీ అని తేలిన గర్భిణికి కాన్పు చేయడానికి చాలా నర్సింగ్‌హోముల్లో చేతులు ముందుకు రాలేదు. పనుల కోసం బెంగళూరుకూ కేరళకూ, కర్నూలు పడమటి మండలాల నుంచి సుగ్గికీ (పంట కోతల పనులకు) వలస పోయి జబ్బుతో తిరిగొచ్చినవాళ్లు, భర్త పోయాక అత్తింట్లో చోటు దొరకని ఆడవాళ్లు, బస్టాండులో పడుకునేవాళ్లు అక్కడికి చేరేవాళ్లు. ఆ వార్డు రోగుల వివరాలతో రాసిన పరిశోధన పత్రాలు అంతర్జాతీయ వైద్య పత్రికల్లో అచ్చయ్యాయి. మన జిల్లాల్లో క్షయతో, హెచ్ఐవీతో మనిషి ఎందుకు, ఎప్పుడు చనిపోతున్నాడో వాటిని చదివితే తెలుస్తుంది.

హెచ్ఐవీ మందులు కేంద్ర ప్రభుత్వానివే, 2004 ఏప్రిల్ 1 నుంచి ఉచితం. ఇది పూర్తిగా నిజం. దాన్ని పట్టుకునే "మరి విదేశీ డబ్బు దేనికి?" అని అడిగేవాళ్లున్నారు. మందు ఎలా పనిచేస్తుందో దగ్గరగా చూస్తే జవాబు దొరుకుతుంది. టీఎల్‌డీ అని ఒకే మాత్ర, రోజుకొకటి, ఉన్నన్నాళ్లూ వాడాలి. ఇంట్లో ఎవరికీ తెలియకూడదని డబ్బా మీది లేబుల్ చించేసి, మాత్రల్ని పాత టానిక్ సీసాలోకి మార్చుకుని, దాన్ని బియ్యం డబ్బాలో దాచుకునే ఆడమనిషి ఉంటుంది. పండక్కి బంధువులొస్తే వారం పాటు మాత్ర ఆగిపోతుంది. ఆగిందని పసిగట్టి, ఊళ్లో నలుగురికీ అనుమానం రాకుండా పలకరించి, మళ్లీ మొదలుపెట్టించే మనిషి ఒకరు కావాలి. ఒంట్లో శక్తి పడిపోయి మెదడుకు క్షయ పాకితే వారాల తరబడి పడుకోవడానికి మంచం కావాలి, పక్కన ఉండటానికి ఎవరూ లేకపోతే అన్నం తినిపించే చేయి కావాలి. మాత్ర ప్రభుత్వం ఇస్తుంది. ఈ మనుషుల జీతం ఎవరిస్తారన్నదే అసలు ప్రశ్న. బత్తలపల్లిలో దానికి ఆసరా స్పెయిన్‌లోని మామూలు కుటుంబాలు నెలనెలా పంపే చందా. ఆ చందాలు కూడగట్టడానికి 1996లో బార్సిలోనాలో ఫెర్రర్ పేరిట ఫౌండేషన్ పెట్టారు.

జీవితాంతం నడవాల్సిన చికిత్స, ఐదేళ్లకోసారి తెగిపోగల అనుమతి. 2011లో ఈ రెంటికీ ముడిపడింది. బడి కట్టడమో చెరువు పూడిక తీయడమో అయితే ఐదేళ్లలో పని ముగించి లెక్క చూపించొచ్చు. రోగి విషయంలో "ముగింపు" అనేది లేదు.

ఆ ముడి బిగుసుకున్నది 2020 సెప్టెంబరులో. అదే ఏడాది బత్తలపల్లి ఆస్పత్రిని రాష్ట్ర ప్రభుత్వమే కోవిడ్ ఆస్పత్రిగా వాడుకుంది. అక్కడ డాక్టర్లు, నర్సులు పీపీఈ కిట్లలో డ్యూటీలు చేస్తున్న ఏడాదే పార్లమెంటులో చట్ట సవరణ మూడు నాలుగు రోజుల్లో ఆమోదం పొంది 29 నుంచి అమలైంది. విదేశీ డబ్బంతా ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాకే రావాలన్నారు. పరిపాలన ఖర్చు మీద ఉన్న 50 శాతం పరిమితిని 20కి తగ్గించారు. ఒక సంస్థ తనకొచ్చిన డబ్బును మరో సంస్థకు ఇవ్వడాన్ని పూర్తిగా నిషేధించారు. రెన్యువల్ చేసే ముందు విచారణ జరిపించే అధికారం ప్రభుత్వానికి వచ్చింది.

వీటిలో మూడోది పెద్ద సంస్థలకంటే చిన్నవాటికి గట్టి దెబ్బ. కర్నూలులోనో కడపలోనో రెండు గదుల క్లినిక్కు, రాత్రిపూట ఫుట్‌పాత్ మీద ఉన్నవాళ్లకు కట్లు కట్టే బృందం సొంతంగా ఎఫ్‌సీఆర్‌ఏ తెచ్చుకోలేవు. పెద్ద సంస్థ తెచ్చి పంచితే నడిచేవి. ఆ దారి మూసుకుపోయింది. పరిపాలన ఖర్చు విషయంలో నిబంధనలు కొంత వెసులుబాటు ఇచ్చాయి. డాక్టర్ల జీతాలు, టీచర్ల జీతాలు అందులోకి రావు. అయితే బండ్ల నడక, మరమ్మతు, లెక్కలు రాసే సిబ్బంది, కరెంటు బిల్లు, అద్దె వస్తాయి. నగరంలో ఆస్పత్రి నడిపేవాడికి బండి పరిపాలన ఖర్చే కావచ్చు. ముదిగుబ్బ దాటి లోపలి తండాలకు పోయి రోగిని చూసి రావాలంటే బండి కూడా వైద్యంలో భాగమే.

కేంద్రం వాదన ఏమిటంటే: విదేశీ డబ్బు ఏదో ఒక రూపంలో పలుకుబడిని వెంట తెస్తుంది, దాన్ని ఎప్పటికప్పుడు తనిఖీ చేయడం దేశ భద్రతకు అవసరం, కొన్ని సంస్థలు చెప్పిన పనికి కాక వేరే పనులకు నిధులు మళ్లించాయి. 2022 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు ఈ సవరణలను సమర్థించింది. విదేశీ విరాళం అందుకోవడం ఎవరికీ సంపూర్ణ హక్కు కాదని తేల్చింది, దేశంలోనే దాతలకు కొదవ లేదని కూడా అంది. న్యాయపరంగా అది తీరిన సంగతే.

తీరనిది అమలు. 2020 నుంచి గడువు ముగియాల్సిన రిజిస్ట్రేషన్లను హోంశాఖ కొన్ని నెలల చొప్పున పదేపదే పొడిగిస్తూ వచ్చింది. పొడిగింపు మంచికే. కానీ వచ్చే ఏడాది డబ్బు వస్తుందో రాదో తెలియని సంస్థ స్పెషలిస్టు డాక్టరును ఏ భరోసాతో రమ్మంటుంది? నర్సింగ్ కోర్సులో కొత్త బ్యాచ్‌ను ఎలా చేర్చుకుంటుంది? నిరాకరణ ఎంత హఠాత్తుగా వస్తుందో 2021 డిసెంబరు 25న దేశమంతా చూసింది. మదర్ థెరిసా స్థాపించిన మిషనరీస్ ఆఫ్ చారిటీకి రెన్యువల్ ఇవ్వలేదు. ప్రతికూల సమాచారం ఉందన్నారు. రెండు వారాల్లోపే 2022 జనవరిలో మళ్లీ ఇచ్చేశారు. ఆ సమాచారం ఏమిటో, అది ఎలా సమసిపోయిందో జనానికి చెప్పలేదు. నిరాకరించిన ఉత్తర్వును మళ్లీ పరిశీలించమని పెట్టుకునే అర్జీ కూడా కేంద్ర ప్రభుత్వానికే పెట్టుకోవాలి. అక్కడా కాకపోతే హైకోర్టు. ఈలోపు ఖాతాలో ఉన్న విదేశీ నిధిని వాడుకోవడానికీ వీల్లేదు.

ఇక ఆరోగ్యశ్రీ వాదన. అనంతపురానికి ఈ పథకం గురించి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. 2007 ఏప్రిల్ 1న మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాల్లో ఒకటి అనంతపురమే. మిగతా రెండూ శ్రీకాకుళం, మహబూబ్‌నగర్. గుండె ఆపరేషన్ కోసం పొలం అమ్ముకునే పరిస్థితిని అది చాలా ఇళ్లలో తప్పించింది. ప్రభుత్వాలు మారి పేరు ఎన్టీఆర్ వైద్యసేవగా మారింది, మళ్లీ పాత పేరు, మళ్లీ కొత్త పేరు. జబ్బుల జాబితా పెరిగింది. కానీ దాని నడక ఇప్పటికీ మంచంలో చేరి చేయించుకునే చికిత్సకు ఇంత అని బిల్లు కట్టే పద్ధతే. నెలనెలా కొనుక్కోవాల్సిన బీపీ, షుగర్ మాత్రలు, పిల్లాడి జ్వరం, గర్భిణి మొదటి చెకప్, దగ్గు మూడు వారాలు దాటినవాడి కళ్లె పరీక్ష అందులో లేవు. వీటికి ప్రభుత్వ పీహెచ్‌సీ ఉంది, డాక్టరు ఉన్న రోజు పని జరుగుతుంది. అసలు కార్డే లేనివాళ్ల సంగతి వేరు. చిరునామా లేక, వేలిముద్ర పడక, ఏళ్ల తరబడి వలసలో ఉండి రేషన్ కార్డు పోగొట్టుకున్నవాళ్లకు పథకం గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. పైగా బకాయిలు చెల్లించలేదని 2025 అక్టోబరులో రాష్ట్రంలో ప్రైవేటు నెట్‌వర్క్ ఆస్పత్రులు ఈ సేవలు ఆపేశాయి. కార్డు చేతిలో ఉన్నవాళ్లకు కూడా ఆ రోజుల్లో దారి లేకపోయింది.

పుట్టపర్తిలో 1991 నుంచి సత్యసాయి సూపర్ స్పెషాలిటీ ఆస్పత్రి బిల్లు కౌంటరే లేకుండా నడుస్తోంది కదా, అలా ఇదీ నడవకూడదా అని అడిగేవాళ్లూ ఉన్నారు. దానికి దేశమంతటా, బయటా భక్తులున్నారు. బత్తలపల్లికి ఉన్నది రోగులు. ఆర్డీటీ ఊళ్లలో ఇంటింటా హుండీలు పెట్టి స్థానికంగా చందాలు కూడబెట్టే పని కూడా చాలాకాలం కిందటే మొదలుపెట్టింది. కూలి డబ్బుల్లోంచి రూపాయి, రెండు వేసిన ఇళ్లు ఉన్నాయి. కానీ వాన మీద బతికే వేరుశనగ రైతు ఇళ్లలోంచి వచ్చే చిల్లరతో ఐసీయూ నడవదు.

కంపెనీల సీఎస్‌ఆర్ నిధి మిగిలిన మార్గం. 2014 నుంచి లాభాల్లో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు చేయాలని చట్టం ఉంది, పెనుకొండలో కియా లాంటి పెద్ద ఫ్యాక్టరీ కూడా వచ్చింది. అయితే 2021 నిబంధనల ప్రకారం కొనసాగే ప్రాజెక్టు అంటే మొదలైన ఏడాది కాక గరిష్ఠంగా మూడేళ్లు. స్కానింగ్ మిషన్ కొనడానికి, వార్డు కట్టడానికి బాగుంటుంది. మందులు మానేసిన మనిషి కోసం పదేళ్లుగా ఊళ్లు తిరుగుతున్న కార్యకర్త జీతానికి సరిపోదు. ఐదేళ్ల గడువే చాలదని మొత్తుకుంటుంటే ఇది మూడేళ్ల గడువు.

అందుకే "రెన్యువల్ ఇచ్చేయండి" అన్న డిమాండు ఒక్కటే చాలదు. ఇచ్చిన ప్రతిసారీ అది ఐదేళ్లకే. గడువుకు కనీసం నాలుగు నెలల ముందే దరఖాస్తు చేయాలని హోంశాఖ 2025 ఏప్రిల్‌లో సంస్థలకు చెప్పింది. తాను ఎన్నాళ్లలో తేలుస్తుందో మాత్రం అంత గట్టిగా తనకు తాను కట్టుబాటు పెట్టుకోలేదు. అనంతపురం, హిందూపురం ఎంపీలు, కర్నూలు, కడప ఎంపీలు కూడా, ఢిల్లీలో అడగాల్సింది ఇంకొంచెం ఉంది. ఆస్పత్రి నడిపే సంస్థకు అనుమతి నిరాకరిస్తే కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి, జవాబు చెప్పుకునే అవకాశం ముందే ఉండాలి. అర్జీ తేలేదాకా అప్పటికే చికిత్సలో ఉన్న రోగుల కోసం ఖాతాలోని డబ్బు వాడుకోనివ్వాలి. లెక్కలు అడగడాన్ని ఎవరూ తప్పుపట్టడం లేదు. ఏటా డిసెంబరు 31లోగా విదేశీ నిధుల పద్దు హోంశాఖకు ఈ సంస్థలు ఇస్తూనే ఉన్నాయి. ఆ పద్దులో తేడా ఉంటే ఫలానా చోట ఉందని చూపించి, సరిదిద్దుకోవడానికి గడువిచ్చి, అప్పటికీ వినకపోతే చర్య తీసుకోవడానికి చట్టంలో వీలుంది. ఈలోపు రాష్ట్ర ప్రభుత్వం చేయగలిగింది కూడా ఒకటుంది. అంటువ్యాధుల వార్డు సిబ్బంది జీతాలను, కోవిడ్ ఏడాదిలో ఆ ఆస్పత్రిని తనదిగా వాడుకున్నట్టే, కొన్నాళ్లు తన ఖజానా నుంచి భరించడం.