టీవీలో ఆ సీను ఏమైంది?

చిరంజీవులకు ఆశీస్సులు.

థియేటర్లో చూసిన సినిమానే మళ్ళీ టీవీలో చూస్తే ఒక సీను మొత్తం లేదేమిటని అడిగారు. బూతులుంటే తీసేసి ఉంటారులే అని మీలో ఒకరు తీర్పు కూడా చెప్పేశారు. బూతులు తీస్తారు, నిజమే. కానీ నన్నడిగితే కథకు ఎక్కువ దెబ్బ తగిలేది టైమ్ కోసం వేసే కత్తెరతోనే.

ఛానల్‌కి ముందు కావలసింది స్లాట్. రెండు గంటల స్లాట్‌లో ప్రకటనలు కూడా సర్దాలి. మిగిలిన నిమిషాల్లో సినిమా పట్టకపోతే, ఏది తీస్తే కథ తెగదో ఎడిటర్ వెతుకుతాడు. నడకలు, ప్రయాణాలు, ఎవరూ మాట్లాడని షాట్లు, హీరో స్నేహితుడి ఉపకథ సులువుగా దొరికిపోతాయి. కథ తెగదు, సరే. కానీ ఆ మౌనం ఉండబట్టే తర్వాత వచ్చే ఏడుపు మనల్ని కదిలించింది కదా! ఆ సంగతి కథాసారాంశంలో ఎక్కడా కనబడదు.

అసలు చిక్కు ధ్వనితో వస్తుంది. వెనకాల సంగీతం నడుస్తుండగా పది సెకన్లు కోస్తే బొమ్మ అతుక్కున్నా సంగీతం గెంతుతుంది, చెవి ఇట్టే పట్టేస్తుంది. మాటలు, సంగీతం, చప్పుళ్ళు వేరువేరు ట్రాకులుగా ఉంటే ఆ అతుకు కనబడకుండా చేయొచ్చు. అన్నీ కలిపేసిన ట్రాక్ ఒక్కటే ఉంటే, సంగీతం ఆగేచోటు దాకా వెళ్ళి కోయాలి. పది సెకన్ల కోసం బయల్దేరి సీనంతా పోగొట్టుకోవడం అలా కూడా జరుగుతుంది.

ఒక్క షాటూ తీయకుండా సినిమా పొట్టిదయ్యే దారీ ఉంది. సినిమాకి సెకనుకు 24 ఫ్రేములు, అంటే విడి బొమ్మలు. పాల్ (PAL) అనే ప్రసార పద్ధతి టీవీకి 25. ఫ్రేముకు ఫ్రేము చొప్పున ఎక్కిస్తే బొమ్మ 4 శాతం వేగంగా నడుస్తుంది. రెండు గంటల సినిమా సుమారు 115 నిమిషాల్లో అయిపోతుంది. సరిచేయకపోతే గొంతుల శ్రుతి కూడా కాస్త పెరుగుతుంది.

మాటల విషయానికొస్తే, బీప్ వేయడం, మ్యూట్ చేయడం మీకు తెలిసినవే. మూడోది కొంచెం ముచ్చటైన పని: వేరే మాట డబ్బింగ్ చెప్పించడం. ప, బ, మ పలికితే పెదవులు కలుస్తాయి. నటుడి పెదవులు కలిసినచోట కొత్త మాటలోనూ అలాంటి అక్షరమే పడాలి. ఆ తిప్పలెందుకని కొందరు షూటింగ్‌లోనే టీవీ కోసం మెత్తటి మాటలతో ఇంకో టేక్ తీసి పెట్టుకుంటారు.

కోయడమే కాదు, పెంచడమూ ఉంది. 1984 నాటి ‘డ్యూన్’ సినిమాకి వాడకుండా వదిలేసిన దృశ్యాలు కలిపి టీవీకోసం పొడవైన కూర్పు తయారుచేశారు. దర్శకుడు డేవిడ్ లించ్‌కి అది నచ్చక తన పేరు తీయించేసుకున్నాడు. ఆ స్థానంలో అలన్ స్మితీ అనే పేరు పడింది. అలాంటి మనిషి లేడు. తన సినిమా తనది కాదనుకున్న దర్శకుడి కోసం అమెరికా దర్శకుల సంఘం అప్పట్లో పెట్టుకున్న దొంగపేరు అది!

ఇక మీ రెండో ఫిర్యాదు, తెర పైనా కిందా నల్ల పట్టీలు. వాటివల్ల బొమ్మ పోయిందనుకుంటున్నారు, సంగతి తిరగేసి ఉంది. 1953లో సినిమాస్కోప్ వచ్చి సినిమా తెర వెడల్పయినా, టీవీలు చాలాకాలం 4:3 పెట్టెలుగానే (వెడల్పు నాలుగు పాళ్ళయితే ఎత్తు మూడు పాళ్ళు) ఉండిపోయాయి. పట్టీలు లేకుండా ఆ పెట్టెని నింపాలంటే బొమ్మలో 40 శాతానికి పైగా బయట వదిలేయాలి. తెరకు ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు నిలబడి మాట్లాడుకుంటుంటే ఎవరిని చూపించాలి? మాట్లాడేవాళ్ళ వైపు చట్రాన్ని జరిపేవారు. దాన్నే పాన్ అండ్ స్కాన్ అంటారు. వింటున్న మనిషి ముఖం మాయమైపోయేది, దర్శకుడు జరపని కెమెరా జరిగినట్టు కనబడేది.

అయినా అక్కడ ఎవరిని ఉంచాలో ఒక మనిషి చూసి నిర్ణయించేవాడు. మీరు రిమోట్‌లో జూమ్ నొక్కితే టీవీ నడిమి భాగాన్ని పెద్దది చేసేస్తుంది, అంచున ఎవరున్నారో చూసుకోదు. కాబట్టి ఈసారి పట్టీలు కనబడితే వాటి జోలికి పోకండి.

ఇట్లు,
మీ తాతయ్య