హేలో పీఎస్‌5కి ఎందుకొస్తోంది? తగువు తేలింది 2013 జూన్‌లోనే

హేలో అనే వీడియో గేముల వరసలో మొదటి ఆటను కొత్తగా తయారు చేసి 2026లో తెస్తామని, అది సోనీ వారి పీఎస్‌5 (ప్లేస్టేషన్ 5) కన్సోల్‌లో, అంటే టీవీకి తగిలించి ఆటలాడే యంత్రంలో, కూడా ఆడుకోవచ్చని మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 24న ప్రకటించింది. దాంతో విశాఖ గేమర్ల వాట్సాప్ గ్రూపుల్లో సద్దుమణిగిందనుకున్న ‘ఎక్స్‌బాక్సా, ప్లేస్టేషనా’ అన్న పాత గొడవ మళ్లీ రాజుకుంది. 2001 నవంబర్‌లో మైక్రోసాఫ్ట్ సొంత కన్సోల్ మొదటి ఎక్స్‌బాక్స్ వచ్చినప్పుడు చాలామంది దాన్ని కొన్నదే హేలో కోసం. అలాంటి ఆట ప్రత్యర్థి ఇంటికి వెళ్తుంటే ‘ఇక ఎక్స్‌బాక్స్ పని అయిపోయింది’ అని ఒక వర్గం, ‘ఎందులో ఆడితే ఏంటి, ఆట ఆటే కదా’ అని ఇంకో వర్గం వాదించుకుంటున్నాయి.

నింటెండో, సెగా అనే పాత కన్సోల్ కంపెనీల కాలం నాటి కథ, నింటెండోతో చెడి సోనీ సొంత కన్సోల్ పెట్టుకోవడం, సోనీ రెండో కన్సోల్ పీఎస్2 హవా అందరికీ తెలిసినవే, వదిలేద్దాం. రెండో తరం కన్సోల్ ఎక్స్‌బాక్స్ 360లో ఎర్ర లైట్లు వెలిగి కన్సోళ్లు చచ్చిపోయిన వ్యవహారం కూడా చిన్నదేం కాదు. 2007లో మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి వారంటీని మూడేళ్లు చేసి, అందుకోసం వంద కోట్ల డాలర్లకు పైగా ఖర్చు రాసుకుంది. అయినా ఆ దెబ్బకు కంపెనీ పేరు చెడలేదు. పాడైన వస్తువును బాగు చేసి ఇస్తే జనం పెద్దగా మనసులో పెట్టుకోరు. పేరు చెడింది ఆరేళ్ల తర్వాత, డిస్కు దగ్గర.

ఆ రోజుల్లో విశాఖలో ఆట కొనడం ఎలా ఉండేదో తెలిస్తే గానీ ఆ కోపం అర్థం కాదు. కొత్త డిస్కు వేలల్లో పలికేది. కుర్రాళ్లు డాబా గార్డెన్స్, ద్వారకానగర్ వైపు షాపుల్లో పాతది ఇచ్చి, పైన కొంత కట్టి ఇంకోటి తెచ్చుకునేవారు. షాపతను డిస్కును ట్యూబ్‌లైట్ కింద అటూ ఇటూ వాల్చి గీతలు చూసేవాడు. మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకు తుడిచేవాడు. కన్సోల్‌లో పెట్టి ఆట లోడయ్యేదాకా ఆగి, అప్పుడు చెప్పేవాడు రేటు. ‘ఇంకో ఐదొందలు వెయ్ తమ్ముడూ, ఇది పట్టుకెళ్లు’ అంటే బేరం మొదలైనట్టే. ముగ్గురు స్నేహితులు తలో డిస్కు కొని తిప్పుకుంటే సెలవులు గడిచిపోయేవి. కన్సోల్ మాత్రం చాలాసార్లు ఓడల్లో పనిచేసే మావయ్యో బాబాయో సింగపూర్ నుంచో దుబాయ్ నుంచో తెచ్చిందే అయ్యుండేది. పోర్టు ఉన్న ఊరికి అదో సౌకర్యం.

2013 మే 21న మైక్రోసాఫ్ట్ తన కొత్త కన్సోల్ ఎక్స్‌బాక్స్ వన్‌ను చూపించింది. ఆ సభలో ఆటల కంటే టీవీ, క్రీడా ప్రసారాల గురించే ఎక్కువ మాట్లాడారు. ఆటలాడేవాళ్లకు అక్కడే సగం మండింది. జూన్ 6న అసలు నిబంధనలు బయటపెట్టారు. కన్సోల్ 24 గంటలకోసారి నెట్‌కు కలిసి సర్వర్‌తో మాట్లాడాలి, లేకపోతే ఆట నడవదు. డిస్కును స్నేహితుడికి ఇవ్వాలంటే అతను 30 రోజులుగా మీ ఫ్రెండ్స్ లిస్టులో ఉండాలి, అదీ ఒక్కసారే. అమ్మాలంటే కంపెనీ ఒప్పుకున్న దుకాణాల్లోనే. ఆ సర్వర్ సేవ అందే దేశాలు మొదట 21. అందులో భారత్ లేదు, ఆఖరికి జపాన్ కూడా లేదు. అంటే మావయ్య మోసుకొచ్చిన కన్సోల్ గాజువాకలో ఇంట్లో అలంకారానికి తప్ప ఎందుకూ పనికొచ్చేది కాదన్నమాట.

జూన్ 10న లాస్ ఏంజెలెస్‌లో సోనీ వంతు వచ్చింది. తమ కొత్త కన్సోల్ పీఎస్4లో పాత డిస్కుల మీద ఏ ఆంక్షా ఉండదని, నెట్ లేకపోయినా ఆట నడుస్తుందని ఆ కంపెనీ అమెరికా విభాగం అధిపతి జాక్ ట్రెటన్ చెబుతుంటే హాలు దద్దరిల్లింది. ధర 399 డాలర్లు. అదే రోజు ఉదయం మైక్రోసాఫ్ట్ చెప్పిన ధర 499. దానికి తోడు అర నిమిషం కూడా లేని ఒక వీడియో వదిలారు. పీఎస్4లో ఆటను ఎలా పంచుకోవాలో నేర్పే వీడియో అది. సోనీ గేమ్ స్టూడియోల అప్పటి అధిపతి షుహెయ్ యోషిదా ఒక డిస్కు పెట్టెను పక్కన నిలబడ్డ సహోద్యోగి చేతిలో పెడతాడు, అతను థాంక్స్ అంటాడు, అయిపోయింది. సోనీకి అంత చవగ్గా అంత గొప్ప ప్రచారం అంతకుముందెప్పుడూ దొరికి ఉండదు. ఆన్‌లైన్‌లో నలుగురితో ఆడాలంటే ఇకపై డబ్బు కట్టాలన్న నియమం కూడా పీఎస్4తోనే మొదలైంది. ఆ సంగతి చప్పట్ల మధ్య ఎవరికీ పట్టలేదు.

మైక్రోసాఫ్ట్‌కూ ఒక వాదన ఉంది. డిస్కు పెట్టకుండానే ఆట ఆడొచ్చు, పదిమంది కుటుంబసభ్యులతో మొత్తం ఆటలు పంచుకోవచ్చు అంది. కానీ నెట్ లేనివాళ్ల సంగతేంటని అడిగితే, వాళ్లకు ఎక్స్‌బాక్స్ 360 ఉందిగా అని ఆ విభాగం అధిపతి డాన్ మాట్రిక్ జవాబిచ్చాడు. అంతే, మిగతా వాదన ఎవరూ వినలేదు. జూన్ 19న నిబంధనలన్నీ వెనక్కి తీసుకున్నారు. జూలై మొదట్లోనే మాట్రిక్ కంపెనీ మారాడు.

వెనక్కి తీసుకున్న నిబంధన మనకెందుకు అనుకునేవాళ్లకు విశాఖ తేదీలే సమాధానం. పీఎస్4 భారత్‌లో 2014 జనవరి 6న వచ్చేసింది. ఎక్స్‌బాక్స్ వన్ సెప్టెంబర్ 23 దాకా రాలేదు. కినెక్ట్ కెమెరా లేకుండా దాని ధర 39,990 రూపాయలు, అంటే పీఎస్4 ఎంతో అంతే. ఇంకా మూడు వారాలు కూడా గడవకముందే, అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చి పడింది. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు. కరెంటు వచ్చిన ఇళ్లలోనూ నెట్ కోసం ఎదురుచూపులే. పాత నిబంధన అలాగే ఉండి ఉంటే, ఇన్వర్టరో జనరేటరో ఉన్న ఇంట్లో కూడా ఎక్స్‌బాక్స్ వన్ రెండో రోజే తాళం వేసుకునేది. మైక్రోసాఫ్ట్ కేంద్ర కార్యాలయం ఉన్న రెడ్‌మండ్‌లో కూర్చుని ఆ నిబంధన రాసినవాళ్లు తుపాను ఊళ్లను లెక్కలోకి తీసుకోలేదు.

ఎనిమిదిన్నర నెలల ఆలస్యం, అప్పటికే అంటుకున్న చెడ్డ పేరు. ఈలోగా ఇక్కడి స్నేహితుల గుంపుల్లో ఒకరు పీఎస్4 కొంటే, డిస్కులు మార్చుకోవాలి కాబట్టి మిగతావాళ్లూ అదే కొనాల్సి వచ్చింది. షాపుల అరల్లో పీఎస్4 ఆటల నీలం పెట్టెలు నిండాయి, ఎక్స్‌బాక్స్ ఆకుపచ్చవి ఒక మూలకు చేరాయి. ప్రపంచవ్యాప్తంగానూ అదే వరస. పీఎస్4 అమ్మకాలు 11.7 కోట్లు దాటాయి. ఎక్స్‌బాక్స్ వన్ లెక్కలు చెప్పడం మైక్రోసాఫ్ట్ 2015లోనే మానేసింది. తమ కన్సోల్‌కు రెట్టింపు పైగా పీఎస్4 అమ్ముడైందని 2022లో బ్రెజిల్ అధికారులకు ఇచ్చిన పత్రాల్లో తనే ఒప్పుకుంది.

అప్పటి ఎక్స్‌బాక్స్ అధిపతి ఫిల్ స్పెన్సర్ 2023 మేలో ఇంకా సూటిగా చెప్పాడు. జనం డిస్కు లేకుండా నెట్‌లో కొనే డిజిటల్ ఆటల సేకరణ మొదలుపెట్టిన కన్సోల్ తరంలోనే ఓడిపోయామని, ఓడిపోకూడని తరం అదేనని ఆయన మాటల సారాంశం. ఆ తర్వాత ఆటల కంపెనీ యాక్టివిజన్ బ్లిజార్డ్‌ను 6,870 కోట్ల డాలర్లకు కొన్నా కన్సోల్ లెక్క మారలేదు. 2024లో నాలుగు ఎక్స్‌బాక్స్ ఆటలు బయటి కన్సోళ్లకు వెళ్లాయి, 2025 ఆగస్టులో ఇంకో పేరున్న ఎక్స్‌బాక్స్ ఆట గేర్స్ ఆఫ్ వార్ పీఎస్‌5కి వచ్చింది, ఇప్పుడు హేలో. ‘ఇది కూడా ఎక్స్‌బాక్సే’ అంటూ ఫోన్లనూ టీవీలనూ చూపించిన ప్రకటనలు కన్సోలే కొనమని పట్టుబట్టడం మానేసిన కంపెనీవే.

సోనీ అభిమానులు ఇప్పుడు విజయోత్సవం చేసుకుంటున్నారు గానీ, డిస్కు విషయంలో వాళ్ల కంపెనీ కూడా పాత మాట మీద లేదు. 2021లో పీఎస్‌5 భారత్‌కు వచ్చినప్పుడు డిస్కు డ్రైవ్ ఉన్నది 49,990, లేనిది 39,990. పదివేలు మిగుల్చుకున్నవాడు ఆట అమ్మలేడు, మార్చలేడు, సోనీ స్టోర్ చెప్పిన ధరకే కొనాలి. 2024 నవంబర్ నాటి పీఎస్‌5 ప్రో 700 డాలర్లు, అందులో డ్రైవే లేదు, కావాలంటే విడిగా కొనుక్కోవాలి. భారత్‌లో 6 గిగాహెర్ట్జ్ తరంగాలపై నడిచే కొత్త రకం వైఫైకి అనుమతి లేదన్న కారణంతో అది అప్పుడు ఇక్కడ అమ్మకానికి రాలేదు. కావాలనుకున్న విశాఖవాళ్లు మళ్లీ దుబాయ్ నుంచి వచ్చేవాళ్లనే అడగాల్సి వచ్చింది, ఈసారి డ్రైవ్‌తో కలిపి.