రేకుల కింద వెండి షీటు: అపోహలు – వాస్తవాలు

ఎండలు ముదిరాయంటే నల్గొండ, దేవరకొండ, జడ్చర్ల వైపు నుంచి ఒకటే ప్రశ్న: "అన్నా, ఆ వెండి షీటు వేయిస్తే ఇల్లు చల్లబడుతదా?" వెండి షీటంటే గాలి బుడగలున్న ప్లాస్టిక్ షీటుకు వెండిలా మెరిసే అల్యూమినియం ఫాయిల్ అతికించింది. దాన్ని ఇళ్లకు వేసే పని చేసేవాణ్ని కాబట్టి ఉన్నదున్నట్టు చెప్తాను. రేకుల ఇంట్లో తేడా బాగా తెలుస్తుంది, వేసే పద్ధతి తెలిసి వేస్తేనే.

అపోహ: రేకుకు ఆనించి అతికిస్తే చాలు.

వాస్తవం: డబ్బులు ఎక్కువగా వృథా అయ్యేది ఇక్కడే. మధ్యాహ్నం రేకుల కింద నిలబడితే నెత్తిన సెగ కొడుతుంది. ఫ్యాను తిరుగుతున్నా ఆ సెగ తగ్గదు, ఎందుకంటే అందులో పెద్ద భాగం కాలిన రేకు నుంచి నేరుగా దిగే వేడి కిరణాలదే. శుభ్రంగా ఉన్న అల్యూమినియం ఫాయిల్ ఆ కిరణాల్లో దాదాపు 95 శాతం తిప్పికొడుతుంది. తాను వేడెక్కినా కిందికి చాలా తక్కువగా వదులుతుంది. అయితే ఈ గుణం పనిచేయాలంటే మెరిసే ముఖానికి ఎదురుగా గాలి ఉండాలి. రేకుకు ఆనితే వేడి నేరుగా ఫాయిల్‌లోకి దిగిపోతుంది. మెరుపు గదివైపు ఉంటే కొంత లాభం మిగులుతుంది, లోపలి వైపు ప్లాస్టిక్ ముఖం ఉంటే అదీ ఉండదు.

కనీసం ఒక అంగుళం ఖాళీ వదలమని పట్టుబట్టండి. రేకులను మోసే ఇనుప పైపుల కింద తీగ లాగి, దాని మీద షీటు పరిస్తే ఆ ఖాళీ దానంతటదే వస్తుంది. వేడిగాలి పోవడానికి రెండు చివర్లా సందు ఉంటే ఇంకా మంచిది. పాత సిమెంటు రేకులకు మాత్రం కొత్తగా రంధ్రాలు వేయనివ్వకండి. వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం.

అపోహ: మెరుపు పైకే ఉండాలి.

వాస్తవం: మన దుమ్ముకు పైముఖం కొన్నేళ్లలోనే మసకబారుతుంది. ఒకవైపే మెరుపున్న షీటయితే ఆ ముఖాన్ని కిందికి పెట్టించండి.

అపోహ: బుడగలు ఎంత మందంగా ఉంటే అంత చల్లదనం.

వాస్తవం: 8 మిల్లీమీటర్ల షీటు 4 మిల్లీమీటర్లదానికి రెట్టింపు పని చేయదు. ముఖ్యమైన పని ఫాయిల్‌ది, ఖాళీది.

అపోహ: స్లాబు ఇంటికీ ఇదే మందు.

వాస్తవం: స్లాబు పగలంతా వేడిని దాచుకుని రాత్రి వదులుతుంది. కాబట్టి ఎండను పైనే ఆపాలి. తెల్ల సున్నమో, ఎండను తిప్పికొట్టే కూల్ రూఫ్ పెయింటో వేయించండి. మన తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా ఇలాంటి పైకప్పుల కోసమే.

అపోహ: షీటే కదా, ఎవరైనా బిగించొచ్చు.

వాస్తవం: నాకు అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఇదే. ఫాయిల్‌లో కరెంటు పారుతుంది. ఒక్క పిన్ను వైరులో దిగిందంటే షీటంతా షాకు కొడుతుంది. ఆస్ట్రేలియాలో 2009-10లో ప్రభుత్వ పథకం కింద ఇళ్లకు ఫాయిల్ వేస్తూ యువకులు కరెంటు తగిలి చనిపోయారు. ఆ తర్వాత పథకంలో ఫాయిల్ వాడకాన్నే ఆపేశారు. మన రేకుల ఇళ్లలో వైర్లు చాలాచోట్ల పైపుల వెంట బయటికే వేలాడుతుంటాయి. ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి వాటిని పీవీసీ పైపులో వేయించండి, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే ఎర్త్ లీకేజీ బ్రేకర్ పెట్టించండి. పని నడిచినంతసేపూ మెయిన్ ఆఫ్‌లో ఉండాలి.